ఔషధ మొక్కల ఆకుల సారం బాక్టీరియాను చంపుతుందా? తరచుగా అడిగే ప్రశ్నలు

డిగ్రీ విద్యార్థులకు సూక్ష్మజీవశాస్త్రం చెబుతాను. ప్రాజెక్టుల కాలం రాగానే పిల్లలు సంచుల్లో ఆకులు పట్టుకుని ప్రయోగశాల గుమ్మంలో నిలబడతారు. వేప, తులసి, జామ, వావిలి, తమలపాకు, రణపాల. వాళ్ళు అడిగే ప్రశ్నలూ, వాళ్ళ ఇంట్లో పెద్దలు అడిగి రమ్మన్న ప్రశ్నలూ ఏటా ఇంచుమించు అవే. వాటికి తీరిగ్గా రాసిన జవాబులివి.

ఆకుల్లో బాక్టీరియాను చంపే గుణం నిజంగా ఉందా, లేక అదంతా నమ్మకమేనా?

ఉంది. ఆ విషయంలో సందేహం అక్కర్లేదు. ఆకు మీద రోజంతా బూజులు, బాక్టీరియా, పురుగులు వాలుతూనే ఉంటాయి. వాటిని తట్టుకోవడానికి మొక్క తనలోనే రకరకాల రసాయనాలు తయారుచేసుకుంటుంది. తులసిలో ఉండే యూజెనాల్ అలాంటిదే. లవంగానికి ఆ ఘాటు వాసన తెచ్చేది కూడా అదే. తమలపాకులో హైడ్రాక్సీచావికాల్ ఉంటుంది. గోరింటాకులో ఉండే లాసోన్ అరచేతిని ఎర్రగా పండిస్తుంది, బాక్టీరియా మీదా పనిచేస్తుంది. జామాకు నమిలితే నోరు వగరెక్కడానికి కారణం టానిన్లు. అవి ప్రొటీన్లను పట్టుకుని ముద్ద కట్టిస్తాయి. యూజెనాల్ వంటి ఫినాల్ పదార్థాలు బాక్టీరియా కణం చుట్టూ ఉన్న పలుచని పొరను చెడగొడతాయి. పొర చెడితే లోపలి సరుకు బయటికి కారిపోయి కణం చస్తుంది.

అయితే చేదుగా ఉన్నదల్లా బాక్టీరియాను చంపదు, ఘాటుగా ఉన్నదల్లా చంపదు. నాలుక చెప్పే సాక్ష్యం ఇక్కడ చెల్లదు.

అలాంటప్పుడు యాంటీబయాటిక్‌కూ ఆకు సారానికీ తేడా ఏమిటి?

మోతాదు. ఈ పేజీలో ఒక్క జవాబే చదివే తీరిక ఉంటే ఇదే చదవండి.

బాక్టీరియా పెరుగుదలను ఆపడానికి కనీసం ఎంత మందు కావాలో కొలిచే పద్ధతి ఉంది. ఆ కొలతను కనిష్ఠ నిరోధక గాఢత అంటారు, ప్రయోగశాలల్లో పొట్టిగా ఎంఐసీ అంటారు. పరీక్షలకు వాడే ప్రామాణిక ఈ. కోలి (పేగుల్లో ఉండే ఒక బాక్టీరియా) రకాన్ని ఆపడానికి సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ మిల్లీలీటరుకు 0.004 నుంచి 0.015 మైక్రోగ్రాములు చాలు. శుద్ధి చేయని ఆకు సారమైతే మామూలుగా వందల మైక్రోగ్రాములు, చాలాసార్లు వేల మైక్రోగ్రాములు కావాలి. వేల రెట్ల తేడా ఇది. 'బాక్టీరియాను చంపింది' అనే మాట రెండింటికీ సరిపోతుంది కాబట్టి రెండూ ఒకటే అనిపిస్తుంది. పక్కన అంకె రాస్తే ఆ భ్రమ పోతుంది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. నేడు మనం మింగే యాంటీబయాటిక్‌లలో ఎక్కువ భాగం మట్టిలోని సూక్ష్మజీవుల నుంచి, బూజుల నుంచి, లేదా రసాయనశాలల నుంచి వచ్చినవే. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ సంస్థలో పరిశోధనలు నడిపిస్తున్న కాలంలో, 1948లో లోకానికి తెలిసిన ఆరియోమైసిన్ కూడా మట్టిలో దొరికిన సూక్ష్మజీవి ఇచ్చిందే. మొక్కలు మనకు క్వినైన్ ఇచ్చాయి, క్యాన్సర్ మందులు ఇచ్చాయి. బాక్టీరియా విషయంలో మాత్రం మట్టిదే పైచేయి.

ఆకుల కషాయం తాగితే ఇన్ఫెక్షన్ తగ్గుతుందా?

ఒక లెక్క వేద్దాం. బాక్టీరియాను ఆపడానికి మిల్లీలీటరుకు 1 మిల్లీగ్రాము సారం కావాలనుకోండి. పెద్దవారి ఒంట్లో రక్తం సుమారు 5 లీటర్లు ఉంటుంది. అంటే 5 గ్రాముల ఎండు సారం రక్తంలో ఉండాలి. ఆకు పొడిలో పదో వంతు సారంగా దిగుతుందనుకున్నా 50 గ్రాముల పొడి కావాలి, పచ్చి ఆకు లెక్కలో అది 150 గ్రాములు దాటుతుంది. అదైనా పేగుల్లోంచి చుక్క పోకుండా రక్తంలోకి చేరాలి. కాలేయం దాన్ని మార్చకూడదు, మూత్రంలో పోకూడదు, కండరాల్లోకి జారిపోకూడదు, గంటల తరబడి అదే గాఢతలో నిలవాలి. ఒంట్లో అలా జరగదు.

గొంతు గరగరగా ఉన్నప్పుడు వేడి కషాయం హాయినిస్తుంది. ఆ హాయి నిజమైనదే, దాన్ని నేనూ కోరుకుంటాను. కాని టైఫాయిడ్, నిమోనియా, మూత్రనాళ ఇన్ఫెక్షన్ వంటివి కషాయంతో నయమవుతాయని ఎదురుచూస్తే పోయేది కాలమే. ఆ కాలంలో బాక్టీరియా రెట్టింపు మీద రెట్టింపు అవుతూ ఉంటుంది. అనుకూలమైన ద్రవంలో ఈ. కోలికి ఒకసారి రెట్టింపు కావడానికి 20 నిమిషాలు చాలు.

మరి పుండ్లను వేపాకు నీళ్ళతో కడగడం, నోరు పుక్కిలించడం?

ఇక్కడ పరిస్థితి వేరు. చర్మం మీదా నోటిలోనూ సారం నేరుగా బాక్టీరియాను తాకుతుంది. రక్తంలో కలిసి పలచబడే బాధ లేదు, కాబట్టి కావలసిన గాఢత కొద్దిసేపైనా అందుతుంది. ఆకుల సారాలకు నిజంగా భవిష్యత్తు ఉన్నది నోరు పుక్కిలించే ద్రవాల్లో, పైపూతల్లో, సబ్బుల్లో అని నా అభిప్రాయం.

పైపైన గీరుకున్న చోట కాచి చల్లార్చిన వేపాకు నీళ్ళు వాడితే తప్పు లేదు. పచ్చి ఆకు నూరి లోతైన గాయంలో పెట్టడం మాత్రం వద్దు. ఆకు మీద దుమ్ము ఉంటుంది, మట్టిలోని బాక్టీరియా విత్తనాలు ఉంటాయి. వాటిలో ధనుర్వాతం తెచ్చేవి కూడా ఉండవచ్చు. మధుమేహం ఉన్నవారి కాలి పుండు అయితే ఆకుల జోలికే పోవద్దు. మా బంధువుల్లో ఒక పెద్దాయన బొటనవేలి పుండుకు మూడు వారాలు ఆకు పసరు కట్టుకున్నారు. పైన పొక్కు కట్టి ఎండినట్టే కనిపించింది. ఆసుపత్రిలో విప్పి చూస్తే లోపల ఎముక దాకా చీము. వేలు తీసేయాల్సి వచ్చింది. ఆయన నమ్మకాన్ని నేను తప్పుపట్టను. మూడు వారాల్లో ఒక్కరోజైనా వైద్యుడికి చూపిద్దామని గట్టిగా అననందుకు నన్ను నేనే తప్పుపట్టుకుంటాను.

ఆటలమ్మ పోసినప్పుడు వేపాకులు ఎందుకు వాడతారు? అది బాక్టీరియా వల్లేనా?

కాదు. ఆటలమ్మ వైరస్ వల్ల వస్తుంది. ఆ వైరస్‌ను వేపాకు చంపుతుందని చెప్పలేం. పొక్కులు దురద పెడితే పిల్లలు గోళ్ళతో గీరుకుంటారు. గీరిన చోట చర్మం మీద ఉండే స్టఫైలోకాకస్ చేరి చీము పట్టిస్తుంది. లేత వేప రెమ్మతో మెల్లగా నిమరడం గోళ్ళతో గీరడం కంటే నయమే. గోళ్ళు కత్తిరించి, ఒళ్ళు శుభ్రంగా ఉంచితే ఇంకా నయం.

అన్నిటికన్నా శక్తిమంతమైన ఆకు ఏది?

ఈ ప్రశ్నకు ఒక్క మొక్క పేరు చెప్పేవారిని నమ్మకండి. జవాబు మారుతూ ఉంటుంది. ఏ బాక్టీరియా మీద, ఏ ద్రావణితో తీసిన సారం, ఏ కాలంలో కోసిన ఆకు, లేతదా ముదురుదా అన్నదాన్ని బట్టి వలయం, అంటే పరీక్ష పళ్ళెంలో సారం చుట్టూ బాక్టీరియా మొలవని ఖాళీ, మారుతుంది.

ఒక్క తేడా మాత్రం దాదాపు ప్రతి పళ్ళెంలోనూ కనిపిస్తుంది. స్టఫైలోకాకస్, బాసిల్లస్ వంటి గ్రామ్ పాజిటివ్ (గ్రామ్ అనే రంగు పరీక్షలో ఊదా రంగును నిలుపుకునే) బాక్టీరియా మీద ఆకుల సారాలు బాగా పనిచేస్తాయి. ఈ. కోలి, క్లెబ్సియెల్లా, సూడోమోనాస్ వంటి గ్రామ్ నెగటివ్ రకాల మీద అంతగా పనిచేయవు. రెండో జాతికి కణకవచం బయట మరో పొర ఉంటుంది. లిపోపాలీశాకరైడ్లతో అల్లిన ఆ పొర చాలా మొక్కల రసాయనాలను లోపలికి రానివ్వదు. ఎలాగో దూరిన వాటిని బయటికి తోడిపోసే పంపులు కూడా ఉంటాయి. సూడోమోనాస్ ఈ పనిలో ఆరితేరింది. మీ సారం సూడోమోనాస్ మీద పెద్ద వలయం చూపిస్తే సంతోషపడే ముందు ప్రయోగం మళ్ళీ చేయండి.

మొక్క పేరు తెలుసు కదా, వృక్షశాస్త్రం వాళ్ళకు చూపించడం అవసరమా?

తప్పనిసరి. 'బ్రాహ్మి' అంటే కొందరు సరస్వతి ఆకు తెస్తారు, కొందరు నీటి సాంబ్రాణి తెస్తారు. రెండూ నీటి పక్కనే పెరుగుతాయి, రెండిటినీ జ్ఞాపకశక్తికే వాడతారు, కాని వాటి కుటుంబాలే వేరు. నేలవేము తెమ్మంటే నేల ఉసిరి తెచ్చినవాళ్ళున్నారు. తులసిలోనే కృష్ణ తులసి, లక్ష్మీ తులసి, వన తులసి ఉన్నాయి. పూతతో ఉన్న కొమ్మ ఒకటి కోసి, పాత వార్తాపత్రికల మధ్య నొక్కి ఆరబెట్టి, అట్టకు అతికించి, కోసిన ఊరు, తేదీ రాసి, వృక్షశాస్త్ర విభాగంలో నంబరు వేయించి దాచండి. పదేళ్ళ తర్వాత ఎవరైనా అనుమానపడితే ఆ అట్టే సాక్ష్యం.

సారం ఎలా తీయాలి? నీళ్ళతోనా, ఆల్కహాలుతోనా?

తెగులు, పురుగు లేని ఆకులు కోసి, ధారకింద కడిగి, నీడలో ఆరబెట్టండి. ఎండలో పెడితే వాసననిచ్చే నూనెలు ఆవిరైపోతాయి. చేత్తో నలిపితే గలగలమని పొడి అయ్యేదాకా ఆరాలి, కొన్ని ఆకులకు వారం, కొన్నిటికి పది రోజులు పడుతుంది. మధ్యలో బూజు పడితే ఆ ఆకు పారేయండి, బూజు తయారుచేసే పదార్థమే బాక్టీరియాను చంపి మిమ్మల్ని తప్పుదోవ పట్టించవచ్చు.

పొడి కొట్టి, 10 గ్రాములకు 100 మిల్లీలీటర్ల ద్రావణి పోసి, మూత బిగించి, రెండు మూడు రోజులు అప్పుడప్పుడు కుదుపుతూ ఉంచండి. వాట్‌మన్ నంబర్ 1 వడపోత కాగితంలో వడకట్టి, తక్కువ వేడి మీద ద్రావణిని ఆవిరి చేస్తే అడుగున జిగురులాంటి ముదురు ఆకుపచ్చ పదార్థం మిగులుతుంది. దాన్ని తూకం వేయండి. చాలామంది ఈ తూకం దగ్గరే తప్పుతారు. 'వంద మైక్రోలీటర్ల సారం వేశాం' అని రాస్తారు. అందులో ఎన్ని మిల్లీగ్రాములున్నాయో రాయకపోతే ఆ ప్రయోగాన్ని ప్రపంచంలో ఎవరూ తిరిగి చేయలేరు.

ద్రావణి విషయానికొస్తే, ఇంట్లో అమ్మమ్మ కాచేది నీళ్ళతోనే కాబట్టి నీటి సారం తప్పక ఉండాలి. ఇథనాల్, మిథనాల్ అయితే ఫ్లేవనాయిడ్లు, ఫినాల్ పదార్థాలు బాగా దిగుతాయి. హెక్సేన్‌లో మైనాలూ కొవ్వులూ దిగుతాయి. ఒకే ఆకు నీటిలో ఏమీ చూపించక, ఇథనాల్‌లో చక్కని వలయం చూపించడం మామూలే.

వేడి సంగతి తేలిగ్గా తీసుకోకండి. చైనాకు చెందిన తు యూయూ మలేరియా మందు కోసం ఆర్టెమీసియా మొక్కను పరీక్షిస్తున్నప్పుడు ఫలితాలు నిలకడగా రాలేదు. నాలుగో శతాబ్దపు వైద్య గ్రంథంలో ఆ మొక్కను కాచమని లేదు, నీళ్ళలో నానబెట్టి పిండి తాగమని ఉంది. వేడికి గుణం పోతోందేమోనని ఆమెకు తట్టింది. 35 డిగ్రీల దగ్గరే మరిగే ఈథర్‌తో సారం తీస్తే 1971లో మందు దొరికింది. 2015లో నోబెల్ బహుమతి వచ్చింది. అది బాక్టీరియా కథ కాదు, మలేరియా పరాన్నజీవి కథ. అయినా సారం తీసే ప్రతి విద్యార్థికీ మొదటి రోజే చెబుతాను.

పళ్ళెంలో పరీక్ష ఎలా చేస్తారు?

బాక్టీరియాకు ఆహారమిచ్చే జెల్లీలాంటి ముల్లర్ హింటన్ అగార్‌ను పెట్రీ పళ్ళెంలో 4 మిల్లీమీటర్ల మందాన పోసి గడ్డకట్టనిస్తాం. బాక్టీరియా ద్రవాన్ని 0.5 మెక్‌ఫార్లాండ్ మసకకు (ద్రవం ఎంత మసకగా ఉందో చెప్పే కొలత) సరిచూస్తాం. అంటే మిల్లీలీటరుకు సుమారు 15 కోట్ల కణాలు. దూది పుల్లతో పళ్ళెమంతా పులిమి, సారంలో తడిపిన 6 మిల్లీమీటర్ల కాగితపు బిళ్ళలు పెడతాం, లేదా అగార్‌లో గుంటలు చేసి సారం పోస్తాం. రాత్రంతా ఇంక్యుబేటర్‌లో ఉంచుతాం.

పొద్దున పళ్ళెం తీసి వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే స్టఫైలోకాకస్ పలుచని మీగడలా పరుచుకుని కనిపిస్తుంది. సారం పనిచేసిన చోట గుంట చుట్టూ ఏమీ మొలవని గుండ్రని ఖాళీ ఉంటుంది, చందమామ చుట్టూ వరదగుడి కట్టినట్టు. ఎన్ని ఏళ్ళుగా చూస్తున్నా ఆ క్షణం నాకు పాతబడలేదు.

కాని ఆ పళ్ళెంలో రెండు తోడు గుంటలు ఉండి తీరాలి. ఒకదానిలో తెలిసిన యాంటీబయాటిక్, రెండోదానిలో ఉత్త ద్రావణి. ఒక ఏడాది ఒక అమ్మాయి తులసి సారంతో 14 మిల్లీమీటర్ల వలయం తెచ్చింది. మొహం వెలిగిపోతోంది. పక్కనే ఉత్త మిథనాల్ పోసిన గుంట చుట్టూ కొలిస్తే 13 ఉంది. చంపింది తులసి కాదు, ఆరకుండా మిగిలిపోయిన మిథనాల్. ఆమె ఏడవలేదు. సారాన్ని పూర్తిగా ఆరబెట్టి, డీఎంఎస్ఓ అనే మరో ద్రావణిలో కరిగించి మళ్ళీ వేసింది. ఈసారి తులసికి 9 వచ్చింది, ఉత్త డీఎంఎస్ఓకు ఏమీ రాలేదు. ఆ 9 నాకు 14 కంటే విలువైనది.

వలయం పెద్దదైతే మందు బలమైనదనే కదా?

కాదు. వలయం చంపే శక్తితో పాటు అగార్‌లో పాకే శక్తిని కూడా చూపిస్తుంది. నీటిలో కరిగే చిన్న అణువులు దూరం పాకుతాయి. నూనె స్వభావం ఉన్నవి గుంట దగ్గరే ఆగిపోతాయి, అవి బలమైనవే అయినా వలయం చిన్నదిగా వస్తుంది. అందుకే వలయాలు చూసి రెండు మొక్కలకు పోటీ పెట్టకూడదు. వలయం కనిపించాక తప్పక ఎంఐసీ చూడాలి.

దానికి 96 గుంటల ప్లేటు వాడతారు. మొదటి గుంట నుంచి చివరిదాకా సారాన్ని సగం సగం పలచన చేస్తూ పోతారు, అన్నిటిలో ఒకే మోతాదు బాక్టీరియా వేస్తారు. మర్నాడు రెజాజురిన్ అనే నీలి రంగు వేస్తే బతికి ఉన్న చోట గులాబీ రంగుకు తిరుగుతుంది, నీలంగా మిగిలిన చివరి గుంటే మీ జవాబు. ఆకుపచ్చ సారంలో మసక కంటికి తెలియదు కాబట్టి ఈ రంగు ఎంతో ఉపకారం చేస్తుంది. శుద్ధి చేయని సారం మిల్లీలీటరుకు 100 మైక్రోగ్రాముల లోపు పనిచేస్తే ఆసక్తిగా చూస్తారు. 1000 దాటితే మందుగా పనికొస్తుందని చెప్పడం కష్టం. అలా వచ్చినా సిగ్గుపడక అలాగే రాయండి.

ఆకు సారంతో వెండి నానో కణాలు చేస్తున్నారు. వాటి ఫలితాలు అంత బాగా ఎందుకు వస్తాయి?

వెండి వల్ల. వెండి అయాన్లు సొంతంగానే బాక్టీరియాను చంపుతాయి. ఆకు సారం ఇక్కడ సిల్వర్ నైట్రేట్‌ను కణాలుగా మార్చే పని, అవి ముద్దకట్టకుండా చూసే పని చేస్తుంది. అది మంచి రసాయనశాస్త్రమే. కాని ఉత్త సిల్వర్ నైట్రేట్‌ను అదే గాఢతలో పక్కన పరీక్షించకుండా 'ఈ మొక్క గొప్పది' అని రాసిన ప్రాజెక్టుపై నేను సంతకం పెట్టను.

సహజమైనది కాబట్టి హాని ఉండదు కదా?

ఉమ్మెత్త సహజమైనదే, గన్నేరు సహజమైనదే. వేపనూనె తాగించిన పసిపిల్లలు వాంతులు, మూర్ఛలతో ప్రాణం మీదికి తెచ్చుకున్న సందర్భాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. కొద్ది మోతాదు అయినా పసిబిడ్డకు పట్టవద్దు. జీ6పీడీ లోపం (ఎర్ర రక్తకణాలను కాపాడే ఒక ఎంజైము పుట్టుకతోనే తక్కువగా ఉండడం) ఉన్న శిశువుల ఒంటికి గోరింటాకు పూస్తే లాసోన్ చర్మంలోంచి దిగి ఎర్ర రక్తకణాలు విరిగిపోవచ్చు. జిల్లేడు పాలు కంట్లో పడితే చూపు మసకబారుతుంది. బాక్టీరియా కణపు పొరను చెడగొట్టేది మన కణాలను ఏమీ చేయదని హామీ లేదు. అందుకే పేరున్న పరిశోధనల్లో మనిషి కణాల మీదా, ఎర్ర రక్తకణాల మీదా హాని పరీక్ష కూడా చేస్తారు.

గర్భిణులు, రక్తం పలచబరిచే మందులు లేదా మధుమేహపు మందులు వాడేవారు ఆకుల పొడులు రోజూ తీసుకుంటుంటే వైద్యుడికి ఆ మాట చెప్పాలి. అడిగేదాకా ఆగవద్దు.

యాంటీబయాటిక్‌తో కలిపి వాడితే?

పరిశోధనలో ఇది నాకు అన్నిటికంటే ఆశ కలిగించే దారి. కొన్ని మొక్కల రసాయనాలు సొంతంగా చంపలేకపోయినా, మందును తోడిపోసే పంపులను మూసేస్తాయి. అప్పుడు పాత యాంటీబయాటిక్ తక్కువ మోతాదులో మళ్ళీ పనిచేస్తుంది. మందులకు లొంగని బాక్టీరియా వల్ల 2019లో ప్రపంచంలో నేరుగా 12.7 లక్షల మంది చనిపోయారని అంచనా. పాత మందులకు ఊపిరి పోసే ఏ ఉపాయమైనా వెతకదగినదే. అయితే ఇది ప్రయోగశాలలో తేలాల్సిన విషయం. ఇంట్లో మాత్రతో పాటు ఏదో ఆకు రసం తాగి చూడడం ఆ పని కాదు.

వేప మీద విదేశీయులు పేటెంట్ తీసుకున్నారట, నిజమేనా?

నిజమే. వేపనూనెతో మొక్కల బూజు తెగుళ్ళను అరికట్టే పద్ధతికి 1994లో ఐరోపా పేటెంట్ కార్యాలయం పేటెంట్ ఇచ్చింది. మన రైతులకు తరతరాలుగా తెలిసినదేనని పోరాడితే 2000లో రద్దు చేసింది, 2005లో అప్పీలు కూడా కొట్టేసింది.

ఇంట్లో ఈ ప్రయోగం చేయవచ్చా?

వద్దు. పళ్ళెంలో ఒక్క రాత్రిలో కోట్ల బాక్టీరియా పెరుగుతుంది. వాడిన ప్రతి పళ్ళేన్నీ ఆవిరి ఒత్తిడితో సూక్ష్మజీవులను చంపే ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల దగ్గర, 15 పౌన్ల ఒత్తిడిలో ఉడికించాకే పారేయాలి. వంటింటి పక్కన చేసే పని కాదు. ఆకులు ఆరబెట్టడం, పొడి కొట్టడం వరకు ఇంట్లో చేసుకుని రండి.

మొదటిసారి చేసేవారికి ఏ ఆకు, ఏ ప్రశ్న ఇస్తారు?

తమలపాకు. గుర్తుపట్టడంలో పొరపాటు జరగదు, ఏ ఊళ్ళోనైనా దొరుకుతుంది, స్టఫైలోకాకస్ మీద సాధారణంగా నిరాశపరచదు. పది మొక్కలు, ఆరు బాక్టీరియా పెట్టుకోవద్దు. ఒక్క ప్రశ్న చాలు: కొన్న రోజు ఆరబెట్టిన ఆకుకూ, తడి గుడ్డలో చుట్టి వారం ఉంచిన తర్వాత ఆరబెట్టిన ఆకుకూ గుణంలో తేడా ఉందా? తమలపాకులు అమ్మే ప్రతి దుకాణంలో ఆకు తడి గుడ్డలోనే ఉంటుంది, కాబట్టి ఈ జవాబు పనికొచ్చేదే. ఒక్కో దానికి మూడు పళ్ళేలు, రోజు మార్చి మూడుసార్లు. ఒకే కట్టలోంచి ఒకే ఈడు ఆకులు ఏరి రెండు వాటాలు చేయండి. సగం ఇవాళే నీడలో పరచండి, మిగతా సగం గుడ్డలో చుట్టి, తేదీ రాసిన చీటీ దానికి కట్టండి.